బతికిన గొడ్డు కాడికి

పోస్టుమార్టం చేసి వచ్చిన రోజున నా చేతుల వాసన ఎంత కడిగినా పోదు. గ్లవుజులు రెండు జతలు తొడుక్కున్నా, పైనుంచి స్పిరిట్టు పోసుకున్నా, సాయంత్రం ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చునేసరికి వేళ్ళ సందుల్లోంచి పచ్చి తోలూ పేడా పులిసిన మేతా కలిసిన ఆ వాసన లేచి వస్తుంది. మా పశువుల ఆసుపత్రి అటెండరు ఆ పూట నా బల్ల దగ్గరికి రావడానికి ఇష్టపడడు, వచ్చినా ముఖం పక్కకు తిప్పుకుని కాగితాలు పెట్టేసి పోతాడు. అతన్ని నేనేమీ అనను. అతనికి అది కంపు, నాకు అది మా నాయన.

మా నాయన పేరు ఉసేనప్ప. పీర్ల పండగ దినాల్లో పుట్టాడని మా జేజి ఆ పేరు పెట్టిందట. కర్నూలు జిల్లా పడమటి కొసన, తుంగభద్రకు పట్టుమని పదిహేను కోసుల దూరం లేకపోయినా గుక్కెడు నీళ్ళకు మొహం వాచిపోయిన ఊర్లలో మాదొకటి. ఆ ఊరి దక్షిణాన మా మాదిగ గేరి. ఊర్లో గొడ్డు చస్తే మోసుకుపోవడం, వాగువంక దగ్గర తుమ్మచెట్ల కింద తోలు తీయడం, ఆ తోలుకు ఉప్పు పట్టించి, తంగేడు చెక్క నానేసిన తొట్టిలో వారాల తరబడి ఊరబెట్టి, ఎద్దులకు గజ్జెల పట్టెడలూ, రైతులకు చెర్నాకోలలూ కుట్టివ్వడం మా తాతల నాటి పని. నేను బడికి పోయే నాటికే చెప్పులు అంగట్లోకి వచ్చేశాయి, తోలు బొక్కెనల బావులు పూడిపోయాయి, గేరిలో తొట్టి ఉన్న ఇల్లు మాదొక్కటే మిగిలింది. వానాకాలం ఆ తంగేడు నీళ్ళ వాసన, వాకిట్లో ఎండుకట్టెల పొగ, మా అమ్మ పెనం మీద జొన్నరొట్టె తిప్పేటప్పుడు వచ్చే కమ్మటి వాసన అన్నీ ఒకదాన్నొకటి తోసుకుంటూ మా గుడిసెలోకి వచ్చేవి. రొట్టెలోకి గోంగూర, అదే మా పుండుకూర, నూరిన ఊరిబిండి ఉంటే ఆ పూట మాకు పండగే.

మా ఊరి కట్టుబాటు ఒకటి చెప్పాలి, అది చెప్పకపోతే ఇదంతా అర్థం కాదు. గొడ్డు చచ్చాక మా నాయన కోసం మనిషిని పంపేవాళ్ళు. బతికున్నంత సేపు మాత్రం ఆయన కొట్టం గడప తొక్కకూడదు. చచ్చినదాన్ని ఎత్తుకుపోయేవాడు బతికినదాని ముందుకొస్తే దాని ఆయుష్షు తీరినట్టేనని నమ్మకం. రోగమొచ్చిన ఎద్దుకు ఎవరెవరో వచ్చి వాతలు పెట్టేవాళ్ళు, గొట్టంతో కషాయం పోసేవాళ్ళు, తాయెత్తులు కట్టేవాళ్ళు. మా నాయన అల్లంత దూరాన దారి మీద తువ్వాలు భుజానేసుకుని నిలబడి, దాని పొట్ట ఉబ్బిన తీరు, అది తల వాల్చిన తీరు చూసి, ఏం రోగమో తనలో తాను అనుకుని ఇంటికొచ్చేసేవాడు. కొన్నాళ్ళకు అదే గొడ్డు మా వంక దగ్గరికి వచ్చేది. పొట్ట చీలిస్తే ఆయన అనుకున్నదే కనపడేది.

తోలు తీసేటప్పుడు నీళ్ళ కుండ మోయడం నా పని. సెలవు రోజున మా అన్న గోళీలాటకు పరిగెత్తితే నేను నాయన వెంట పరిగెత్తేదాన్ని. చూడకూడనిది చూస్తున్నానని నాకెప్పుడూ అనిపించలేదు. ఆయన కత్తి మొనతో ఒక్కొక్కటే చూపించేవాడు. ఇది కార్జం, దీని అంచు మొద్దుబారితే లోపల పురుగుంది. ఇది పొరల పొట్ట, ఎండుగడ్డి మేసి నీళ్ళు తాగనిదానికి ఈ పొరల మధ్య మేత ఇటుకలా గట్టిపడుతుంది. ఇది చేదుకట్టు, దీన్ని కోయకుండా తీయడంలోనే పనితనమంతా ఉంది. అట్లా చెప్పేటప్పుడు మా నాయన గొంతు మారేది. ఊర్లోవాళ్ళ ముందు నేల చూపులు చూసే మనిషి, అక్కడ తుమ్మచెట్టు కింద మా సైన్సు అయ్యవారి కంటే ధీమాగా మాట్లాడేవాడు. ఇంత తెలిసిన మనిషిని ముందే ఎందుకు పిలవరని నేను ఒకసారి అడిగితే, ఆయన నవ్వి కత్తి నూరుకున్నాడు.

ఏరువాక పున్నమి నాడు ఊరంతా ఎద్దుల్ని కడిగి, కొమ్ములకు రంగులు పూసి, మెడలో మా నాయన కుట్టిన కొత్త పట్టెడలు కట్టి ఊరేగించేవాళ్ళు. ఇంటింటా ఓళిగలు కాల్చే వాసన మా గేరిదాకా వచ్చేది, పొద్దు వాలాక ఓళిగలు కూడా వచ్చేవి, పైనుంచి మా కొంగుల్లోకి. ఆ తర్వాత పక్షం దినాలకు మట్టి ఎద్దుల అమావాస్య. మా పడమటి ఊర్లలో అది పిల్లకాయల పండగ. నేనూ, నా క్లాసులో నా పక్కన కూర్చునే బసమ్మా చెరువు అడుగున తడి మిగిలిన చోట వెతికి నల్లమట్టి తెచ్చి, పిసికి, జత ఎద్దుల్ని చేసి, జొన్నగింజలు కళ్ళుగా గుచ్చి, ఆముదపాకుల మీద ఎండబెట్టేవాళ్ళం. బసమ్మ వీరభద్రప్ప అనే రైతు కూతురు. దాని ఎద్దులు వాళ్ళ దేవుని గూట్లోకి పోయేవి. నావి వాళ్ళ కొట్టం బయటి అరుగు మీద ఉండేవి. ఒకే మట్టి కదా అని బసమ్మ వాళ్ళమ్మ గౌరమ్మతో పోట్లాడి ఒక దెబ్బ కూడా తినింది. నా కోసం దెబ్బ తిన్న మనిషి, మా ఇంటివాళ్ళు కాక, ఈ లోకంలో అదొక్కతే.

రెండువేల సంవత్సరం దాటిన తొలి ఏళ్ళలో వచ్చిన కరువు మా వయసువాళ్ళు ఎవరూ మరిచిపోలేరు. నాకప్పుడు పన్నెండేళ్ళు. ఒక ఏడు వాన ఎగ్గొట్టింది, రెండో ఏడు మొదట్లో ఊరించి తర్వాత మొహం చాటేసింది. బోర్లు గాలి కక్కాయి. ట్యాంకరు ముందు బిందెల వరస బడిదాకా ఉండేది. ఇంటి కప్పుల మీది బోదను పీకి గొడ్లకేశారు, అది కూడా అయిపోతే సంతకు తోలుకుపోయి ఎంతకో ఒకంతకు వదిలించుకొచ్చారు. ఎముకల గూళ్ళలాంటి గొడ్లు దారుల్లోనే కూలబడేవి. మా నాయనకు ఊపిరి తిప్పుకోనంత పని. వాకిట్లో తోళ్ళు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ఊరికి కరువైతే వీళ్ళకు పెండ్లని ట్యాంకరు దగ్గర ఎవరో అన్నారని మా అమ్మ ఆ రోజు నీళ్ళు తేకుండానే వెనక్కొచ్చింది.

ఆ మాటకు ముందే ఇంకొకటి జరిగి ఉంది. కరువు మొదటి ఏడు ఒకాయన బర్రె చచ్చిపోతే, మా నాయన దాని పొట్ట చీల్చి చూసి, కొట్టం పక్క మొలిచిన పిచ్చిమొక్క మేసి చచ్చిందనీ, మిగతా వాటిని అటు పోనీయొద్దనీ మంచికే చెప్పాడు. వీడికెట్లా తెలుసు అన్నారు. తోలు కోసం వీడే ఏదో పెట్టుంటాడన్నారు. రచ్చబండ ముందు నిలబెట్టి, ఆయన చేత్తో కుట్టిన చెర్నాకోలతోనే ఆయన వీపు మీద కొట్టారు. ఆ తర్వాత మా నాయన ఏ గొడ్డు ఎందుకు చచ్చిందో ఊర్లో ఎవరికీ చెప్పలేదు. నాకు చూపించడం మాత్రం మానలేదు.

రెండో ఏడు వీరభద్రప్ప చేన్లో జొన్న మోకాలెత్తు పెరిగి ఎండిపోయింది. కోసి గొడ్లకేశారు. ఆ మోళ్ళ మీద ఎక్కడిదో ఒక మబ్బు వచ్చి ఒక్క పదును వాన కురిసిపోయింది. నాలుగు దినాల్లో మోళ్ళ మొదళ్ళలోంచి పచ్చగా పిలకలు లేచాయి. అట్లా ఎండకు మాడి మళ్ళీ చిగిర్చిన జొన్న పిలకల్ని మా దిక్కు నాము అంటారు. చూడటానికి అంత లేతగా, అంత కళగా ఉంటుంది, లోపలంతా విషమే. నాము సంగతి రైతులకు తెలియకపోలేదు. కానీ అది మోకాలెత్తు పెరిగిన మోళ్ళనుంచి రాదని, మరీ చిన్నప్పుడు కోస్తేనే వస్తుందని వీరభద్రప్ప లెక్క. ఊరంతా బూడిద రంగులో ఉన్నప్పుడు కళ్ళముందు పచ్చగా కనిపిస్తే మనిషి అట్లాంటి లెక్కలే వేసుకుంటాడు. ఆయనకు జత ఎద్దులుండేవి, ఒకటి మాసిన తెలుపు రంగు మైలది, ఇంకొకటి నల్లటి కర్రిది. కరువంతా తాము గంజి తాగి వాటికి మేత పెట్టారు. ఆ ఎద్దులుంటేనే వచ్చే ఏడు సేద్యం, ఆ సేద్యముంటేనే బసమ్మకు బడి.

మైలది ఒక మధ్యాహ్నం ఆ చేను గట్టునే పడిపోయింది. మా నాయనా మా చిన్నాయనా మోసుకొచ్చారు. పొట్ట చీల్చగానే మా నాయన చెయ్యి ఆగిపోయింది. రక్తం కుంకుమ కలిపిన నీళ్ళలా మెరుస్తోంది, చచ్చినదాని రక్తం అట్లా ఉండకూడదు. పొట్టలో నలగని పచ్చి పిలకలు, వేపకాయ నలిపినట్టు చేదు వాసన. ఆయన ఆ పిలక ఒకటి తీసి వేళ్ళ మధ్య నలిపి నాకు చూపించాడు. ఆ తర్వాత మాంసం ఎవరూ ముట్టుకోవద్దని చెప్పి, కడుపులోదంతా గుంత తీసి పూడ్చాడు. కర్రిది కూడా ఆ చేన్లోనే మేస్తుంది కదా నాయనా, పోయి చెప్దాం అన్నాను. ఆయన మోచేతిదాకా అంటిన రక్తాన్ని మట్టితో రుద్దుకున్నాడు.

"నువ్వేం జూడలే పాపా," అన్నాడు చివరికి. "ఈ మాట నీ నోట్లోంచి బయటికొస్తే మనం ఈడ బతకలేము."

మర్నాడు బడిలో బసమ్మ ఏడ్చి ఏడ్చి కళ్ళు ఉబ్బిపోయి వచ్చింది. దుఃఖంలో కూడా దానికి లెక్కలు చేసుకురాలేదన్న భయం ఉండింది, నా పుస్తకం చూసి రాసుకుంది. రాసుకుంటూ, కర్రిది నిన్నటినుంచీ జోడు కోసం అరుస్తోందని, వాళ్ళ నాయన దాని మనసు మళ్ళించడానికి రేపు ఆ చేన్లోనే కట్టేసి కడుపునిండా మేపుతానన్నాడని చెప్పింది.

"అదన్నా బతుకుతాది గదా జయా?" అంది.

"బతుకుతాది," అన్నాను.

ఆ ఒక్క మాట నేను ఇప్పటికీ వెనక్కి తీసుకోలేకపోయాను. పరీక్షల్లో తప్పు రాశాను, మనుషుల్ని నొప్పించాను, మందు మోతాదు తప్పి ఒక మేకను చంపుకున్నాను కూడా. వాటన్నిటికీ నాకు నేను ఏదో ఒకటి సర్దిచెప్పుకున్నాను. ఆ పూట బల్ల మీద, నా పక్కన, నా కోసం ఒకప్పుడు దెబ్బ తిన్న పిల్లకు నేను తెలిసి తెలిసి అబద్ధం చెప్పాను.

ఆ మర్నాడే కర్రిది పోయింది. జత మొత్తం పోయేసరికి సర్కారు నుంచి ఏమన్నా సాయం రాకపోతుందా అని ఎవరో చెప్పడంతో మండలం నుంచి పశువుల డాక్టరును పిలిపించారు. ఆయన స్కూటరు మీద వచ్చి, ముక్కుకు చేతిగుడ్డ కట్టుకుని, పది అడుగుల దూరాన నిలబడి, కోయమని మా నాయనకు చెప్పాడు. ఊరంతా వంక గట్టు మీద చేరింది. లోపల ఏముండాదని డాక్టరు అడిగాడు. మా నాయన నన్నోసారి చూసి, జొన్న నాము ఉండాది సార్ అన్నాడు. డాక్టరు దగ్గరికి రాలేదు, వంగి చూడలేదు. స్కూటరు సీటు మీద కాగితం పెట్టుకుని ఆ మాటే రాశాడు, సంచిలోంచి సీలు తీసి గుద్దాడు, నాము మేసి చచ్చాయని అందరికీ వినపడేట్టు చదివాడు. వీరభద్రప్ప తలగుడ్డ తీసి చేతుల్లో పట్టుకుని చేతులు జోడించాడు. పొద్దు గుంకేలోగా ఊర్లోవాళ్ళు ఆ చేనుకు కంచె కొట్టారు.

మా నాయన ఆ రోజు తోలు ఆరేయలేదు. తొట్టి అంచు మీద కూర్చుని, నన్ను దగ్గరికి పిలిచి, తడి ఆరని చేతులు నాకు తగలకుండా వెనక్కి పెట్టుకుని చెప్పాడు.

"నేను చెప్తే శాపం. అదే మాట ఆయప్ప రాసిస్తే మందు. నువ్వు డాక్టరమ్మవు కావాల పాపా. నన్ను పిలిచినట్ల సచ్చినదాని కాడికి గాదు. నిన్ను బతికిన గొడ్డు కాడికి పిలవాల."

అది దీవెనలా చెప్పలేదు. మునిగిపోయేవాడు ఒడ్డున ఉన్నవాళ్ళ చెయ్యి పట్టుకున్నట్టు చెప్పాడు. నాకు భయమేసింది, అవుతానన్నాను.

ఆ నెలలోనే వీరభద్రప్ప ఇంటికి తాళం పడింది. గుంటూరు వైపు మిరపకాయల కోతకు సుగ్గి పోయారు. మా దిక్కు కరువొస్తే ఇల్లూ వాకిలీ వదిలి కూలికి వలసపోవడాన్ని సుగ్గి అంటారు. అంతవరకూ మా గేరివాళ్ళే పోయేవాళ్ళు, ఆ ఏడు రైతులూ లారీ ఎక్కారు. బసమ్మ లారీ మీది మూటల మధ్య కూర్చుని నా లెక్కల పుస్తకం ఊపింది, అది దాని దగ్గరే ఉండిపోయిందని చెప్పడానికి. ఉంచుకోమని చేత్తో సైగ చేశాను. అది మళ్ళీ బడికి రాలేదు. అక్కడే ఎవరికో ఇచ్చి పెండ్లి చేశారని తర్వాత విన్నాను.

నేను హాస్టళ్ళ పప్పునీళ్ళు తాగి, కర్నూల్లో ఇంటర్ చదివి, రెండోసారి పరీక్ష రాసి పశువైద్యంలో సీటు తెచ్చుకున్నాను. మొదటి ఏడు గొడ్ల కళేబరాలు కోసే క్లాసులో పక్కనున్న అమ్మాయి కళ్ళు తిరిగి పడిపోయింది. నేను చేదుకట్టు చిట్లకుండా ఒక్క గాటుతో తీసి బల్ల మీద పెట్టాను. ఇదెక్కడ నేర్చుకున్నావని సారు మెచ్చుకుంటూ అడిగాడు. పుస్తకంలో చూశాను సార్ అన్నాను. క్లాసులో తోళ్ళు తీసే ఇంటినుంచి వచ్చినదాన్ని నేనొక్కదాన్నే, ఆ సంగతి ఎవరికీ తెలియకూడదని నా తాపత్రయం. మా నాయన నేర్పిన విద్యను ఆయన పేరు చెప్పకుండా వాడుకుని మార్కులు తెచ్చుకున్నాను, ఆ సిగ్గు ఇప్పటికీ నాకుంది.

ఆయన ఒక్కసారి నన్ను చూడటానికి కాలేజీకి వచ్చాడు. బొరుగుల మూట, వేయించిన వేరుశెనగ బుడ్డలు తెచ్చాడు. అప్పటికే దగ్గు పట్టుకుని సగమయ్యాడు. ఆవుల షెడ్డు చూపిస్తాను రమ్మని తీసుకుపోతే, గేటు దగ్గర చెప్పులు విడిచి చేతిలో పట్టుకుని అక్కడే నిలబడిపోయాడు. ఎవరూ ఏమీ అనరు, లోపలికి రా అన్నాను. లోపల ఒక చూడి ఆవు తల తిప్పి ఆయన్నే చూస్తోంది.

"వద్దులే పాపా. నేనొస్తే దానికి మంచిది గాదు," అన్నాడు.

ఊరి మాటను ఆయన కూడా నమ్మాడని నాకు ఆ రోజే తెలిసింది. బతికున్న గొడ్డు మీద చెయ్యి వేయకుండానే మా నాయన చనిపోయాడు, నేను చివరి ఏడు చదువుతుండగా.

ఉద్యోగం మా దిక్కే వచ్చింది. మా ఊరికి మొదటిసారి జీపులో పోయిన నాడు వీరభద్రప్ప ఇంటి ముందు ఆపించాను. వాళ్ళు సుగ్గి నుంచి ఎప్పుడో తిరిగొచ్చారట, ఆ పూట ఆయన ఇంట్లో లేడు, గౌరమ్మ ఒక్కతే ఉంది. నన్ను మేడం అని పిలిచి కుర్చీ వేసి నీళ్ళిచ్చింది. కొట్టంలో మోటారు సైకిలు పెట్టారు. మా మట్టి ఎద్దులుండే అరుగు మీద ఎరువుల బస్తాలున్నాయి. నేను ఆగలేక చెప్పేశాను, మైలది పోయిన నాడే మాకు తెలుసని, కర్రిదాన్ని కాపాడుకోవచ్చని తెలిసీ నోరు మూసుకున్నామని. తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండేది. ఆమె గ్లాసు తీసుకుని కొంగుతో తుడిచి బోర్లించింది.

"మీ నాయన ఆ పొద్దు చెప్పింటే కొట్టేటోళ్ళమమ్మా," అంది. "నమ్మేటోళ్ళం గాదు."

ఏటేటా నేను మా ఊరి బడికి పోతాను. మా గేరి పిల్లల్ని ముందు వరసలో కూర్చోబెట్టి, పశువుల డాక్టరు చదువు గురించి చెబుతాను, మీలో ఎవరు చదువుతారని అడుగుతాను. ఇన్నేళ్ళలో ఒక్క చెయ్యి లేవలేదు. ఈ ఏడు వంక దగ్గర పోస్టుమార్టం ముగించుకుని, తొమ్మిదో తరగతి చదివే ఒక తెలివైన పిల్ల ఇంటికే నేరుగా పోయాను. దాని తల్లి లక్ష్మీదేవి నా వెనక క్లాసులో చదివింది. నేను చెప్పిందంతా ఓపిగ్గా విని, చెరుగుతున్న బియ్యం చేట పక్కన పెట్టింది.

"ఆ కంపు వద్దనే గదక్కా మేము సుగ్గికి పోయి దీన్ని చదివిస్తాండాది," అంది. "తిప్పి తిప్పి మళ్ళా గొడ్డు కాడికే పంపమంటావా?"

బతికిన గొడ్డు కాడికి లక్ష్మీ, అన్నాను. అంటుంటే నా గొంతు నాకే మా నాయన గొంతులా వినపడింది.

"బతికిన గొడ్లు ఇప్పుడు యాడుండాయక్కా ఈడ?" అంది.

ఆమె వెటకారంగా అనలేదు. నిజంగానే గేరిలోంచి చూస్తే ఊరి కొట్టాలన్నీ గోడలై, గదులై, ట్రాక్టరు షెడ్లై ఉన్నాయి. ఏరువాక నాడు ట్రాక్టర్లకు పసుపు బొట్లు పెడుతున్నారు. మట్టి ఎద్దుల్ని పిల్లలు చేయడం లేదు. తంగేడు తొట్టి ఉన్న చోట మా అన్న సిమెంటు బండ పోయించాడు. గొర్రెలూ మేకలూ ఉన్నాయి, నా పని వాటితోనే. కానీ మా నాయన నన్ను ఏ కొట్టంలోకి పిలవాలని కోరుకున్నాడో ఆ కొట్టం, నాకు సీలు చేతికొచ్చేసరికి, ఖాళీ అయిపోయింది.

చేతులు కడుక్కుంటానని లేచాను. ఆ పిల్ల చెంబుతో నీళ్ళు తెచ్చి నా చేతుల మీద పోసింది. పోస్తూ, ముఖం తిప్పుకోకుండా, కొంచెం వంగి వాసన చూసింది.

"ఇదేం వాసన మేడం?"

మా గేరిలో పుట్టిన పిల్ల ఆ మాట అడగడం నేను మొదటిసారి విన్నాను. ఈ వాసన పిల్లలకు తెలియకుండా పోవాలనే కదా గేరి గేరంతా ఇన్నేళ్ళు రెక్కలు ముక్కలు చేసుకుంది, మరి నాకెందుకు అంత ఏడుపొచ్చిందో తెలియదు. అది ఇంకా చెంబు వంచుకుని జవాబు కోసం చూస్తోంది.

"మా నాయనది," అన్నాను.